పాపఘ్ని ఒడ్డు మట్టిని పరీక్షకు పంపుతున్నారా? రెండో సంచి మరిచిపోకండి

పోయిన వేసవిలో మా దూరపు బంధువుల అబ్బాయి ఒక పాలిథిన్ సంచి తెచ్చి మా అరుగు మీద పెట్టాడు. అతనికి పాపఘ్ని ఒడ్డున మూడెకరాల అరటి తోట ఉంది. సంచిలో రెండు పిడికిళ్ళ మట్టి, కొన్ని వేళ్ళ ముక్కలు, ఒక వానపాము ఉన్నాయి.

"మామా, దీంట్లో యురేనియం ఉందో లేదో చూసి చెప్పాలి" అన్నాడు.

"ఉంది" అన్నాను సంచి ముట్టుకోకుండానే. అతని ముఖం పాలిపోయింది. "మా పెరట్లోనూ ఉంది, నువ్వు కూర్చున్న అరుగులోనూ ఉంది. ఉందా అని కాదురా అడగాల్సింది. ఎంత ఉంది, పక్క ఊళ్ళో ఎంత ఉంది అని అడగాలి. పక్క ఊరి మట్టి ఏది?"

తేలేదు. తెచ్చేవాళ్ళు ఇంతవరకు నాకు కనబడలేదు. అందుకే ఇది రాస్తున్నాను.

నేను శాస్త్రవేత్తను కాను. భూసార పరీక్షా కేంద్రంలో ముప్ఫై ఒక్క ఏళ్ళు మట్టి ఆరబెట్టి, జల్లించి, తూచినవాణ్ణి. నత్రజని, భాస్వరం, పొటాష్, జింకు చూడటం నా పని. రేడియోధార్మికత సంగతి రిటైరయ్యాక, ఊరివాళ్ళు అడుగుతుంటే, విశ్వవిద్యాలయం ప్రయోగశాలల్లో పనిచేసేవాళ్ళ వెంటపడి నేర్చుకున్నాను. మామూలు భూసార పరీక్షలో ఇది తేలదని మొదటే చెబుతున్నాను. అక్కడికి సంచి పంపి, వచ్చిన కార్డులో యురేనియం గడి కోసం వెతికినవాళ్ళు ఉన్నారు.

పాపఘ్ని కర్ణాటకలో నంది కొండల వైపు పుట్టి, వెలిగల్లు జలాశయం దాటి, గండి దగ్గర కొండను చీల్చుకుని, వేంపల్లె మీదుగా వచ్చి కమలాపురం దగ్గర పెన్నలో కలుస్తుంది. భూగర్భ శాస్త్రవేత్తలు వేంపల్లె పేరు పెట్టిన డోలమైటు సున్నపురాయి పొరల్లోనే కడప జిల్లా తుమ్మలపల్లె యురేనియం ఉంది. అంటే మనిషి గునపం పట్టకముందు నుంచీ ఈ రాతిలో అది ఉంది. రాయి అరిగి మట్టి అయింది, మట్టి వానకు కొట్టుకొచ్చి ఒండ్రు అయింది. ఆ పైన గని వచ్చింది, శుద్ధి కర్మాగారం వచ్చింది, వ్యర్థాలు నిలవ చేసే టెయిల్‌పాండ్ వచ్చింది. ఇప్పుడు మీ పొలంలో కనిపించే అంకెలో రాయి వాటా ఎంత, మనిషి వాటా ఎంత అని ఒక్క సంచి ఎప్పటికీ చెప్పలేదు.

ఇంకొక్క సంగతి తెలిస్తే ఎక్కడ తవ్వాలో మీకే అర్థమవుతుంది. తుమ్మలపల్లె ఖనిజం నుంచి యురేనియాన్ని ఆమ్లంతో తీయరు. సున్నపురాయి ఆమ్లాన్నంతా తాగేస్తుంది. అందుకని సోడియం కార్బనేటు, బైకార్బనేటు ద్రావణంతో, వేడి మీద, ఒత్తిడి పెట్టి తీస్తారు. ఇదే రసాయనం భూమి లోపల నిదానంగా, ఎవరి ప్రమేయం లేకుండా జరుగుతూ ఉంటుంది. బైకార్బనేటు ఎక్కువగా ఉన్న బోరు నీరు రాతిలోని యురేనియాన్ని కరిగించి మోసుకుపోతుంది. యురేనియం విచ్ఛిన్నమవుతూ పోతే పుట్టే రేడియం, రాళ్ళలో సహజంగా ఉండే ఇంకో రేడియోధార్మిక లోహం థోరియం అలా తేలిగ్గా కదలవు. చాలావరకు సన్నని బంకమట్టి రేణువులను పట్టుకుని కూర్చుంటాయి. కాబట్టి యురేనియాన్ని ముందు నీటిలో వెతకాలి, రేడియాన్ని ఒండ్రులో వెతకాలి. మట్టి సంచి ఒక్కటే పంపేవాళ్ళు సగం ప్రశ్నే అడిగినట్టు.

ఏటి మధ్యలో ఇసుక తవ్వి పంపకండి. ఇసుక గింజ పెద్దది, పట్టుకునే గుణం తక్కువ. ఏరు మలుపు తిరిగే చోట లోపలి వైపు, నీళ్ళు నిదానించి సన్న ఒండ్రు దిగే చోటు చూడండి. కాలువ చివరి మడి, వరద నిలిచే పల్లపు చెక్క, చెరువు గర్భం కూడా అలాంటివే. చెరువు పూడిక మట్టిని ట్రాక్టర్లతో పొలాలకు తోలడం మనకు అలవాటు, మంచిదే. కానీ ఆ చెరువులోకి నీరు ఎక్కడి నుంచి దిగుతుందో చూసుకోండి. అనుమానం ఉన్న వైపు నుంచి వాగు వస్తుంటే తోలకముందే ఒక నమూనా పంపండి. యాభై ట్రిప్పులు పరిచాక వెనక్కి తీయడం ఎవరివల్లా కాదు.

ఇక రెండో సంచి. గని, టెయిల్‌పాండ్ రెండింటికీ ఎగువన, నీరు అటు నుంచి వచ్చే అవకాశం లేని చోటు నుంచి తీయాలి. మీది ఎర్రమట్టి అయితే అదీ ఎర్రమట్టే కావాలి, నల్లరేగడి అయితే నల్లరేగడే. ఒకే లోతు, వీలైతే ఒకే రోజు, ఒకే మనిషి చెయ్యి. ఒకటి కన్నా రెండు మూడు చోట్ల నుంచి తెస్తే ఇంకా మంచిది. "డబ్బులు రెండింతలవుతాయి కదా" అంటారు. అవుతాయి. ఒక్క సంచికి కట్టే డబ్బు మాత్రం పూర్తిగా దండగ.

పొలం ఎంపికలో నేను ఒకసారి బొక్కబోర్లా పడ్డాను. ఒక అరటి తోటలో డ్రిప్పు గొట్టం పక్కనే మట్టి తీసి పంపాను. పొటాషియం-40, అంటే పొటాషియంలో సహజంగా ఉండే రేడియోధార్మిక రకం, మిగతా చోట్ల కన్నా బాగా ఎక్కువ వచ్చింది. ఆ ఇంట్లో రెండు రోజులు పొయ్యి వెలగలేదు. తీరా అడిగితే, వారం ముందే పొటాష్ వేశారట. ప్రకృతిలో దొరికే పొటాషియంలోనే గ్రాముకు 31 బెక్వెరెల్ ఉంటుంది. బెక్వెరెల్ అంటే సెకనుకు ఒక అణువు విచ్ఛిన్నం కావడం, అంతే. లెక్క కడితే యాభై కిలోల పొటాష్ బస్తాలో ఏడు లక్షల పైచిలుకు బెక్వెరెల్ ఉంటుంది. ఆ బస్తాను మనం భుజాన వేసుకుని తిరుగుతాం. మన ఒంట్లోనే పొటాషియం వల్ల నాలుగు వేల పైచిలుకు ఉంటుంది. పెద్ద అంకె కనబడగానే గుండె జారిపోకూడదు.

వేరుశనగ పొలంలో జిప్సంతోనూ ఇదే తంటా. ఎరువుల కర్మాగారాల నుంచి వచ్చే జిప్సం ఫాస్ఫేటు రాతి నుంచి పుడుతుంది. ఆ రాతిలో సహజంగానే యురేనియం ఉంటుంది. శుద్ధిలో యురేనియం ఎక్కువగా ఆమ్లంలోకి, అటు నుంచి డీఏపీలోకి పోతుంది. రేడియం జిప్సంతో మిగులుతుంది. మీ పొలంలో రేడియం కాస్త ఎక్కువైతే అది ఏటి పాపమో, నిరుడు చల్లిన జిప్సం పాపమో తెలియాలంటే, ఎప్పుడు ఏం వేశారో కాగితం మీద రాసి సంచితో పంపాలి. పేడ దిబ్బ, ఎరువు బస్తాలు దించిన చోటు, గట్టు, చెట్టు మొదలు, రోడ్డు పక్క వదిలేయండి.

తీసే పద్ధతి భూసార పరీక్షకు దగ్గరగానే ఉంటుంది. పైన గడ్డి, ఆకులు తీసేసి, దున్నిన పొలమైతే పదిహేను సెంటీమీటర్ల లోతుకు వి ఆకారంలో గుంట తీసి, పక్క నుంచి ఒక పలక చెక్కినట్టు మట్టి తీయాలి. ఎకరంలో వంకర టింకరగా పది చోట్ల ఇలా తీసి ఒక తట్టలో కలపాలి. దున్నని ఏటి ఒడ్డు అయితే పై ఐదు సెంటీమీటర్లు ఒక సంచి, కింద ఐదు నుంచి పదిహేను వరకు ఇంకో సంచి. పై నుంచి వచ్చి పడింది పై పొరలో ఎక్కువగా ఉంటుంది, రాతి నుంచి వచ్చింది రెండింటిలోనూ ఇంచుమించు ఒకేలా ఉంటుంది. ఈ తేడా చూడటం కోసమే రెండు పొరలు. కలిపిన మట్టిని గుండ్రంగా పరిచి నాలుగు భాగాలు చేసి, ఎదురెదురు భాగాలు రెండు తీసిపారేసి, మళ్ళీ కలిపి, మళ్ళీ నాలుగు చేసి, రెండు కిలోలు మిగిలేదాకా తగ్గించండి. జింకు పరీక్షకు రేకు బకెట్ వాడొద్దని ముప్ఫై ఏళ్ళు అరిచాను. దీనికి రేకు బకెట్ అడ్డు కాదు, అయినా నాకు చేతులు రావు, ప్లాస్టిక్ తట్టే వాడతాను.

నీడలో ఆరబెట్టండి. చీటీ పెన్సిల్‌తో రాయండి. పెన్ను సిరా చెమ్మకు అలుక్కుపోతుంది, అప్పుడు మీ పొలం ఎవరి పొలమైనా కావచ్చు. రెండు సంచులు ఒకదానిలో ఒకటి వేసి, ఒక చీటీ ఆ రెంటి మధ్య, ఇంకొకటి బయట. సర్వే నంబరు, ఫోనులో కనిపించే అక్షాంశ రేఖాంశాలు, లోతు, తేదీ. ఇంతకన్నా ఏమీ అక్కర్లేదు.

ప్రయోగశాలను ఎంచుకునేటప్పుడు ఎన్ఏబీఎల్ (ప్రయోగశాలలకు గుర్తింపు ఇచ్చే జాతీయ సంస్థ) గుర్తింపు ఉందా అని మాత్రమే అడగకండి. గుర్తింపు పత్రానికి జత చేసిన పరీక్షల జాబితాలో మీకు కావలసిన పరీక్ష పేరు ఉందో చూపించమనండి. నీటిలో టీడీఎస్ చూడటానికి గుర్తింపు పొందినవాళ్ళు గోడకు అదే పత్రం తగిలించి యురేనియం కూడా చూస్తామంటారు. మట్టికి గామా స్పెక్ట్రోమెట్రీ కావాలి, అంటే మట్టి వదిలే గామా కిరణాలను బట్టి ఏది ఎంత ఉందో లెక్కకట్టే పరీక్ష. జర్మేనియం డిటెక్టరో, సోడియం అయోడైడ్ డిటెక్టరో ఉన్నచోట అడగాలి. కొన్ని విశ్వవిద్యాలయాల భౌతికశాస్త్ర విభాగాల్లో ఉంటాయి.

ఫలితం తొందరగా రాదు, రాకూడదు కూడా. రేడియం నుంచి రేడాన్ అనే వాయువు పుడుతుంది, దాని అర్ధాయువు, అంటే ఉన్నదానిలో సగం విచ్ఛిన్నం కావడానికి పట్టే కాలం, 3.8 రోజులు. మట్టిని గాలి చొరని డబ్బాలో మూసి ఇంచుమించు నెల రోజులు ఉంచితే లోపల రేడాన్, దాని పిల్లలు (అది విచ్ఛిన్నమై పుట్టించే మూలకాలు) రేడియంతో సమతూకానికి వస్తాయి. ఆ పిల్లల కిరణాలను చూసే సాధారణంగా రేడియాన్ని లెక్కిస్తారు. రెండో రోజే రేడియం అంకె చేతిలో పెడితే, డబ్బా ఎన్ని రోజులు మూసి ఉంచారని మర్యాదగానే అడగండి. జవాబు చెప్పేవాళ్ళు విసుక్కుంటే కూడా ఒక జవాబు దొరికినట్టే.

నీటి సీసాలు రెండు కావాలి. బోరు పది నిమిషాలు ఆడించాక పట్టాలి. మొదటి లీటరు సీసాను అదే నీటితో మూడుసార్లు కడిగి నింపండి. అందులో ఉదజని సూచిక (పీహెచ్), బైకార్బనేటు, ఫ్లోరైడు చూస్తారు. రెండోది యురేనియానికి. దానిలో ప్రయోగశాలవాళ్ళే కాస్త నత్రికామ్లం వేసి ఇస్తారు, లేకపోతే యురేనియం సీసా గోడలకు అంటుకుంటుంది. దాన్ని కడగకూడదు, పిల్లలకు అందనివ్వకూడదు, పొర్లనివ్వకూడదు. మే నెలలో ఒకసారి, వానలు పడ్డాక నవంబరులో ఒకసారి పట్టండి. ఫ్లోరైడు పరీక్ష మాత్రం మానొద్దు. యురేనియం భయంలో పడి, కళ్ళెదుట పిల్లల పళ్ళను గారపట్టిస్తున్నదాన్ని మరిచిపోయిన ఇళ్ళు చూశాను.

రేడియోధార్మికత తగిలితే చప్పుడు చేసే, చేతిలో పట్టుకునే గైగర్ పరికరాలు ఆన్‌లైన్‌లో కొని పొలమంతా తిప్పేవాళ్ళు కూడా ఉన్నారు. యురేనియం వదిలే ఆల్ఫా కణం కాగితాన్ని దాటదు, నీటి సీసాను అసలే దాటదు. ఆ పరికరం చప్పుడు చేయలేదని బోరు నీరు తాగవచ్చని కాదు.

రిపోర్టు వచ్చిందనుకోండి. మొదట కొలమానం చూడండి. ఒకరు పీపీఎంలో ఇస్తారు, ఒకరు బెక్వెరెల్‌లో ఇస్తారు. కిలో మట్టిలో ఒక మిల్లీగ్రాము యురేనియం, అంటే ఒక పీపీఎం, యురేనియం-238 లెక్కన సుమారు 12 బెక్వెరెల్. మూడు పీపీఎం వచ్చిన పొలాయన, ముప్ఫై ఏడు బెక్వెరెల్ వచ్చిన పొలాయనను చూసి జాలిపడటం నేను చూశాను. ఇద్దరిదీ ఒకటే.

ప్రపంచంలో మామూలు మట్టి ఎలా ఉంటుందో ఐక్యరాజ్యసమితి శాస్త్రీయ కమిటీ 2000లో ఇచ్చిన మధ్యస్థ విలువలు గుర్తుంచుకుంటే చాలు. కిలోకు యురేనియం-238, రేడియం-226 చెరి 35 బెక్వెరెల్, థోరియం-232 30, పొటాషియం-40 400. రేడియం, థోరియం, పొటాషియం మూడింటినీ ఒక అంకెగా మార్చే లెక్క ఉంది. రేడియానికి, థోరియంను 1.43తో, పొటాషియంను 0.077తో హెచ్చించి కలపాలి. ఉదాహరణకు రేడియం 48, థోరియం 40, పొటాషియం 900 అనుకోండి. 48, 57, 69 కలిపితే 174. ఇది 370 లోపు ఉండాలని వాడుకలో ఉన్న హద్దు. అది ముఖ్యంగా ఇల్లు కట్టే సామగ్రి కోసం పెట్టుకున్నది. పొలానికి అంత కచ్చితమైన గీత కాదు గానీ, మనం ఏ మోతాదులో ఉన్నామో చెబుతుంది.

తరువాత, అంకె పక్కన ఉండే కూడిక తీసివేత గుర్తును (±) చూడండి, కొలత ఎంత అటూ ఇటూ కావచ్చో అది చెబుతుంది. మీ పొలం 48కి అటూ ఇటూ 6, ఎగువ పొలం 41కి అటూ ఇటూ 5 అయితే, ఆ రెండింటికీ తేడా ఉందని చెప్పలేం. 120, 41 అయితే మాట్లాడాలి.

నాకు అన్నిటికన్నా ఆసక్తి కలిగించేది యురేనియం, రేడియం పక్కపక్కన పెట్టి చూడటం. కదలని పాత మట్టిలో రెండూ ఇంచుమించు సమానంగా ఉంటాయి. కర్మాగారంలో ఖనిజం నుంచి యురేనియం తీసేస్తారు, రేడియం వ్యర్థంతో పోతుంది. కాబట్టి రేడియం బాగా ఎక్కువై యురేనియం తక్కువగా ఉంటే టెయిల్‌పాండ్ పోలిక కనబడుతోందని అనుమానించవచ్చు. నేరం రుజువైనట్టు కాదు, నీరు కూడా యురేనియాన్ని కడిగేసి ఉండవచ్చు. అందుకే మళ్ళీ ఎగువ సంచి దగ్గరికే రావాలి.

రిపోర్టులో సీసియం-137 ఒకటి రెండు బెక్వెరెల్ కనబడితే కంగారు పడకండి. అది ఈ గనిది కాదు. యురేనియం గని నుంచి సీసియం రాదు, అది అణువు చీలితేనే పుడుతుంది. ఎక్కువగా 1950, 60ల అణుబాంబు పరీక్షల ధూళి. ప్రపంచమంతటా నేలల పై పొరలో కాస్తంత మిగిలి ఉంది.

నది నిజంగా చెడితే ఎలా ఉంటుందో తెలియాలంటే రష్యాలో టెచా నది కథ తెలుసుకోవాలి. అణుబాంబులకు ప్లుటోనియం తయారుచేసే మయాక్ కర్మాగారం 1949 నుంచి 1956 వరకు ద్రవ వ్యర్థాలను ఆ నదిలోకి వదిలింది. ఒడ్డు ఊళ్ళవాళ్ళకు చెప్పకుండానే వదిలింది. వాళ్ళు ఆ నీళ్ళు తాగారు, వరద ముంచిన గడ్డి ఆవులకు వేశారు, ఆ పాలు పిల్లలకు పోశారు. స్ట్రాన్షియం-90 సున్నంలాగా ప్రవర్తించి ఎముకల్లో చేరింది. తరువాత దశాబ్దాల పాటు సాగిన అధ్యయనాల్లో ఆ జనంలో రక్త క్యాన్సర్, ఇతర క్యాన్సర్లు మోతాదును బట్టి పెరిగినట్టు తేలింది. దాదాపు 7,500 మందిని అక్కడి నుంచి తరలించారు. అది ప్లుటోనియం తీయగా మిగిలిన వ్యర్థం, మనది ఖనిజం. ఆ భయాన్ని తెచ్చి ఇక్కడ పరచకూడదు. కానీ ఒండ్రు, గడ్డి, పాలు అనే దారి మాత్రం ఏ నదికైనా అదే. రేడియం కూడా ఎముకను వెతుక్కునేదే.

యురేనియంతో మన ఒంటికి మొదటి తగాదా కిరణాలతో కాదు, మూత్రపిండాలతో. అది సీసం లాంటి బరువు లోహం. మింగినదానిలో నూటికి ఒకటి రెండు పాళ్ళే రక్తంలోకి పోతుంది, అందులో ఎక్కువ భాగం మూత్రంలో బయటికి పోతుంది. పోయే దారిలో మూత్రపిండాల సన్న గొట్టాలను ఒరుసుకుంటూ పోతుంది. ఏళ్ళ తరబడి తాగేవాళ్ళకు అందుకే హద్దు పెట్టారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ లీటరుకు 30 మైక్రోగ్రాములంటుంది, మన తాగునీటి ప్రమాణంలోనూ ఇప్పుడు అదే. అణుశక్తి నియంత్రణ మండలి 60 అంది. రిపోర్టులో 45 వచ్చి కింద "పరిమితిలో ఉంది" అని రాస్తే ఏ పరిమితి అని అడగండి.

హద్దు దాటిన నీరు తాగుతున్నవాళ్ళు రక్తంలో క్రియాటినిన్, మూత్రంలో ప్రొటీన్ పరీక్ష చేయించుకుని ఆ కాగితాలు దాచుకోవాలి. కానీ ఆ అంకె పెరిగితే వెంటనే గనిని తిట్టకండి. చక్కెర జబ్బు, రక్తపోటు, నడుం నొప్పికి రోజూ మింగే మాత్రలు ముందు వరసలో ఉంటాయి. డాక్టరుకు మీ నీటి రిపోర్టు చూపించండి, ఆ మాత్రల సంగతి కూడా దాచకుండా చెప్పండి.

కాచితే యురేనియం పోదు, నీరు ఆవిరై ఇంకా చిక్కబడుతుంది. క్యాండిల్ ఫిల్టరూ చాలదు. ఆర్వో యంత్రం చాలావరకు తీసేస్తుంది. తీసేసిందంతా వృథా గొట్టంలో పోయే నీటిలో ఉంటుంది. ఆ గొట్టాన్ని కొత్తిమీర మడికి పెట్టుకున్న ఇల్లాళ్ళు ఎందరో. మరుగుదొడ్డికి వాడుకోండి, పెరటి మడికి వద్దు. ధాన్యం కన్నా ఆకుకూరలతోనే జాగ్రత్త ఎక్కువ కావాలి. వేరు పీల్చిన యురేనియం ఎక్కువగా వేరులోనే ఆగిపోతుంది, గింజ దాకా చేరేది తక్కువ. ఆకుకు అంటిన మట్టి మాత్రం నేరుగా కడుపులోకి పోతుంది. రెండు మూడు నీళ్ళలో కడగండి. పొడి దుక్కిలో దుమ్ము లేస్తుంటే ముక్కుకు తువ్వాలు కట్టుకోండి.

టెయిల్‌పాండ్ వైపు నుంచి ఎవరు మెత్తని మట్టి తోలి ఇచ్చినా ఇంటి పునాదికి, అరుగుకు వాడొద్దు. అమెరికాలో గ్రాండ్ జంక్షన్ అనే ఊళ్ళో 1960ల దాకా ఇలాంటి వ్యర్థాన్ని ఉచితంగా వస్తుందని ఇళ్ళ కింద పోశారు. తరువాత వేల స్థలాల్లో తవ్వి తీయాల్సి వచ్చింది. రేడియం నుంచి పుట్టే రేడాన్ తలుపులు మూసిన గదిలో చేరి ఊపిరితిత్తులకు చేటు చేస్తుంది, బీడీ తాగేవాళ్ళకు ఆ చేటు మరీ ఎక్కువ. ఇప్పటికే కట్టిన ఇల్లయితే నేల బీటలు పూడ్చి, కిటికీలు తెరిచి పెట్టుకోవడం మొదటి పని.

మొదట సంచి తెచ్చిన అరటి తోట అబ్బాయి సంగతి చెప్పలేదు కదా. వారం తరువాత ఇద్దరం ఎగువ ఊరికి వెళ్ళి రెండో సంచి తెచ్చాం. రెండు మట్టులకూ తేడా లేదు. బోరు నీటిలో మాత్రం యురేనియం 30 దాటింది. ఎగువ ఊరి బోరులోనూ దాటింది. ఎవరి మీద కోపం తెచ్చుకోవాలో తెలియక అతను కాసేపు ఊరుకుండిపోయాడు. తరువాత ఆర్వో బిగించుకున్నాడు. గొట్టం కొత్తిమీర వైపే పెట్టాడు, నేను వెళ్ళి తిప్పించాను. నవంబరు నీళ్ళు పట్టాలి. రెండోదానిలో ఆమ్లం వేయించి సీసాలు తెచ్చి అటక మీద పెట్టాను. శుభ్రత ఎక్కువ ఆ పిల్లవాడికి, రెండోదాన్ని కడిగేయకుండా దగ్గరుండి పట్టించాలి.